ఐస్ హాకీలో కొట్టుకోవడం కూడా ఒక ఉద్యోగమా?

మంచుకి కొత్త:
మిన్నెసోటా వచ్చి నాలుగు నెలలైంది. పోయిన శనివారం మా అబ్బాయిని తీసుకుని సెయింట్ పాల్‌లో ఇక్కడి ఐస్ హాకీ జట్టు 'వైల్డ్' మ్యాచ్‌కి వెళ్లాను. ఉన్నట్టుండి ఇద్దరు గ్లవ్స్ విసిరేసి, జెర్సీలు పట్టుకుని మొహాలు పగిలేలా గుద్దుకున్నారు. రిఫరీలు చూస్తూ నిలబడ్డారు! చివరికి చెరో 5 నిమిషాలు పక్కన కూర్చోబెట్టారంతే. ఒకప్పుడు ఇందుకోసమే ఆటగాళ్లని పెట్టుకునేవాళ్లని పక్క సీటాయన అన్నాడు. నిజమేనా?

పాతకాపు:
నిజమేనండీ. ఎన్‌ఫోర్సర్ అంటారు. తమ స్టార్ ఆటగాడి జోలికి వచ్చినవాడి పని పట్టడమే అతని డ్యూటీ. ఎడ్మంటన్ జట్టులో స్టార్ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీకి డేవ్ సెమెంకో అలాంటి కాపలాదారు. కొట్లాట విడదీసే లైన్స్‌మెన్ (రిఫరీల సహాయకులు) వెంటనే దూరకపోవడానికీ కారణం ఉంది. ఒకడి చేతులు పట్టుకుంటే రెండోవాడు ఖాళీగా గుద్దేస్తాడు. అందుకే ఎవరో ఒకరు కిందపడేదాకా ఆగుతారు.

నేను 2006లో ఇక్కడికి వచ్చాను. అప్పుడు వైల్డ్‌లో డెరెక్ బూగార్డ్ ఉండేవాడు. 6 అడుగుల 7 అంగుళాల మనిషి. ముద్దుపేరు 'బూగీ మ్యాన్', అంటే మన బూచాడే. అతను బెంచి మీంచి లేస్తే చాలు, హాలంతా గోల. నేనూ గొంతు పోయేలా అరిచినవాణ్ణే. ఆ అక్టోబరులో అనాహైమ్ ఆటగాడు టాడ్ ఫెడొరుక్‌ని కొడితే, అతని మొహంలో లోహపు ప్లేట్లు వేయాల్సి వచ్చింది. తర్వాతి సీజన్‌లో ఆ ఫెడొరుక్ వైల్డ్‌కే వచ్చాడు. ఇద్దరూ ఒకే డ్రెస్సింగ్ రూమ్‌లో!

బూగార్డ్ మొత్తం లెక్క 277 మ్యాచులు, 3 గోల్స్, శిక్షగా పక్కన కూర్చోబెట్టిన పెనాల్టీ నిమిషాలు 589. 2010లో న్యూయార్క్ రేంజర్స్ నాలుగేళ్లకి 65 లక్షల డాలర్లిచ్చి తీసుకుంది. 22 మ్యాచులే ఆడాడు. డిసెంబరు ఫైట్‌లో తలకి దెబ్బ తగిలాక మళ్లీ మంచు మీదికి రాలేదు. 2011 మేలో మినియాపొలిస్‌లో మద్యం, నొప్పి మాత్రలు కలిసి ప్రాణం తీశాయి. 28 ఏళ్లు. మెదడు పరీక్షిస్తే సీటీఈ బయటపడింది. తలకి పదేపదే దెబ్బలు తగిలితే వచ్చే జబ్బు అది. ఆ వార్త చదివాక నాకు ఫైట్ చూస్తూ అరవడానికి నోరు రాలేదు.

స్కేట్లు లేని అభిమాని:
అన్నా, అందరి కథా అలా ముగియలేదు. జార్జ్ పారోస్ ప్రిన్స్‌టన్‌లో ఎకనామిక్స్ చదివి ఫైటర్‌గా బతికాడు. 2017లో లీగ్ అతనికే ఆటగాళ్ల భద్రత విభాగం అప్పగించింది. దొంగ చేతికే తాళాలు :) అయినా ఇప్పుడు కొట్లాట తప్ప ఏమీ రానివాడికి జట్టులో చోటు లేదు. ఆట బాగా స్పీడయింది.

మంచుకి కొత్త:
టెన్షన్ పెట్టారు. మావాడు సోమవారం నుంచీ హాకీలో చేర్పించమని ఒకటే పోరు.

పాతకాపు:
చేర్పించండి. పిల్లల హాకీలో ఫైట్ చేస్తే మ్యాచ్ నుంచే పంపేస్తారు. ఒంటితో ఢీకొట్టడం కూడా 13-14 ఏళ్ల గ్రూపుకి వచ్చేదాకా ఉండదు. స్కేట్లు మాత్రం సెకండ్ హ్యాండ్‌వే కొనండి, ఏడాదికే బిగుతైపోతాయి.