చదరంగం: చదరాల మాటా, సేనల మాటా?

‘చదరాలు గీసిన పలక మీద ఆడతారు కనుక చదరంగం’ అని ఒక మిత్రులు రాశారు. వినడానికి ఇంపుగానే ఉంది గాని, వ్యుత్పత్తి అది కాదు.

మూలం చతురంగం. ‘హస్త్యశ్వరథపాదాతం సేనాంగం స్యాచ్చతుష్టయమ్’ అని అమరకోశం సేనకు నాలుగు అంగాలను చెప్పింది. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం కలిసిన ఆ సేననే ఎనిమిదేసి గళ్ల అష్టాపదం మీద నిలిపి ఆడారు కాబట్టి ఆటకూ ఆ పేరే స్థిరపడింది. హర్షుని ఏలుబడిలో చతురంగకల్పన (నాలుగంగాల సేనను తీర్చడమనీ, కాళ్లూ చేతులూ నరికే శిక్ష అనీ రెండర్థాలు) అష్టాపదాల మీదనే గాని వేరే చోట లేదని 7వ శతాబ్దిలో బాణభట్టు శ్లేషించాడు.

తెలుగులో తకారం దకారమై, రేఫకు (‘ర’కు) ముందున్న ఉకారం అకారమైంది. కన్నడంలో ఆ ఉకారం నిలిచి ‘చదురంగ’ అయింది. ‘చదరం’ అన్న మాటకూ చతుర్ శబ్దమే మూలం గనుక ఆ మిత్రులది పూర్తిగా పొరబాటని అనలేను. అన్నదమ్ములను తండ్రీకొడుకులు అనుకున్నారు, అంతే.

పారసీకులు ‘చత్రంగ్’ అన్నదాన్ని, తమ భాషలో చ, గ ధ్వనులు లేని అరబ్బులు ‘షత్రంజ్’ చేశారు. ఆ రూపమే ఉర్దూ వెంట మన హైదరాబాదుకూ వచ్చింది. ఇంగ్లీషువారి ‘చెస్’కు మాత్రం మూలం సేన కాదు, రాజు అని అర్థమిచ్చే పారసీక ‘షా’.

పావుల పేర్లు ఇంకా ఆసక్తికరం. పూర్వం మంత్రి మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. ఐరోపాలో ఆ పావు రాణిగా మారి, 15వ శతాబ్ది చివర నేటి బలాన్ని పొందింది. మనం ఆ కొత్త నడకను తీసుకొని పాత పేరునే ఉంచుకున్నాం.

శకటు కథ వేరు. నేడు అంగట్లో దొరికే శకటు తల మీద ఏటవాలుగా కనిపించే చీలిక క్రైస్తవ బిషప్పు టోపీకి గుర్తు. ఆ పావునే అరబ్బులు ‘ఫీల్’, అంటే ఏనుగు అన్నారు. స్పానిష్ వారికి అది నేటికీ ‘అల్ఫిల్’. అరబ్బుల మూల గడిలో రథం ‘రుఖ్’ ఉండగా, మనం అక్కడ ఏనుగును నిలిపి, దాని చోట బండి అనే అర్థమున్న శకటును పెట్టాం. రథమూ ఏనుగూ చోట్లు మార్చుకున్నాయన్నమాట. మీ ఊళ్లలో ఆ పావును శకటు అనే అంటారా, ఒంటె అంటారా?