‘వెళ్ళొస్తాను’కు అక్రాలో ఒక జోడు

‘వెళ్తాను అనకూడదు, వెళ్ళొస్తాను అనాలి’ అన్న పెద్దల మాట మీద మొన్న ఇక్కడ సాగిన చర్చలో, ఇంత సున్నితం తెలుగుకే ఉందని ఒకరు రాశారు. తెలుగుకే కాదు. తమిళుల ‘పోయిట్టు వరేన్’ సంగతి అందరికీ తెలుసు. నేను చెప్పబోయేది ఇంకా దూరాన, పశ్చిమాఫ్రికాలో, ఘానా రాజధాని అక్రా వీధుల్లో వినిపించే మాట.

పొద్దున్నే వాచే అమ్మే బల్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు. వాచే అంటే అలసందలు కలిపి వండిన అన్నం. ఎర్రజొన్న ఆకులు వేసి ఉడికిస్తారు కాబట్టి అన్నానికి ఇటుక రంగు వస్తుంది. వెడల్పాటి ఆకులో పెట్టి, పక్కన షితో అనే నల్లటి కారం, పైన ఉడికించిన గుడ్డు వేసి ఇస్తారు. (మన నాలుకకు ఆ షితో వెంటనే చుట్టమైపోతుంది, అందులోని ఎండుచేపల వాసన పడితే.) అమ్మే ఆవిడ దగ్గర చిల్లర లేదనుకోండి. మన నోటు చేతిలో పట్టుకుని, ఇంగ్లీషులో ‘వస్తున్నాను’ అని చెప్పి, ఎదురుగా ఉన్న దుకాణంలోకి వెళ్ళిపోతుంది! కొత్తగా వచ్చిన ఐరోపా యాత్రికులు దీనికి తెల్లబోతారు. వస్తున్నానంటూ వెళ్ళడమేమిటని వాళ్ళ గోల. ‘వస్తానండీ’ అని చెప్పి గడప దాటే మనకు అందులో వింతేముంది?

ఆ ఇంగ్లీషు కింద ఉన్నది అక్కడి భాషల నడక. అక్రా స్థానికుల భాష పేరు ‘గా’. అయినా, వీధిలో ఎక్కువగా వినిపించేది అకాన్ కుటుంబానికి చెందిన ట్వీ. ట్వీలో ‘కొ’ అంటే వెళ్ళు, ‘బా’ అంటే రావడం. ‘మెకొ అబా’ అంటే అచ్చంగా వెళ్ళొస్తాను. ‘నేను’ అనే గుర్తు మనకు క్రియ చివర ‘-ను’గా వస్తే, వాళ్ళకు మొదట ‘మె-’గా వస్తుంది. రెండు క్రియలను ఒకే ఊపులో జతచేయడం మాత్రం ఒక్కటే. దానికి జవాబు ఇంకా ముచ్చటైనది: ‘కొ బ్రా’. వెళ్ళిరా!

ఒక సభ్యురాలు: అక్కడ కూడా ‘పోవడం’ అంటే చావు గుర్తొస్తుందనే భయమేనా?

ఆ బల్ల దగ్గరి మాటలో నాకు ఆ భయం కనిపించలేదు. అది ఉత్త భరోసా, నీ డబ్బుతో పారిపోవడం లేదని. చిల్లరతో ఆవిడ నిజంగానే తిరిగి వస్తుంది. మన ‘వస్తాను’లో రావడం ఎప్పుడో అరిగిపోయింది. మళ్ళీ ఆ గడప తొక్కే ఉద్దేశం లేనివాడు కూడా వస్తాననే సెలవు తీసుకుంటాడు. ఈ తేడాను పట్టించుకోకుండా రెండూ ఒకటేనని తేల్చేయడం నాకు నచ్చదు.

మరొకరు: మా తెలంగాణ ఊళ్ళలో పోవడం మామూలు మాటే. బడికి పోతాం, పెళ్ళికి పోతాం.

మంచి మాట. ‘పో’ అంటే ఉలిక్కిపడటం తెలుగువాళ్ళందరికీ ఒకే పాళ్ళలో లేదు. అయినా ఆ ఊళ్ళలోనూ సెలవు తీసుకునేటప్పుడు పోయి రావడమే కదా చెప్పేది? కాబట్టి అశుభం భయం ఒక్కటే దీనికి మూలమంటే నేను నమ్మను.

సాగనంపేవాళ్ళ మాట కూడా చూడండి. అక్రాలో ఎక్కడ చూసినా ట్రోట్రోలే. అవి జనం కలిసి ఎక్కే చిన్న బస్సులు. ‘ట్రో’ అంటే గా భాషలో మూడు పెన్నీలు, ఒకప్పటి చార్జీ. మేట్ అని పిలిచే కుర్రాడు తలుపులోంచి వేలాడుతూ ‘సర్క్, సర్క్, సర్క్’ అని అరుస్తుంటాడు, క్వామే ఎన్‌క్రుమా సర్కిల్‌కు వెళ్ళేవాళ్ళ కోసం. దూరప్రయాణమైతే సాగనంపేవాళ్ళు ట్వీలో ‘నాంతె యియె’ అంటారు, బాగా నడువు అని. ఎక్కేది బస్సే అయినా దీవెన నడకకే. మనవాళ్ళ ‘వెళ్ళిరండి’లో తిరిగి రావడం ఉంది, ఇందులో దారి ఒక్కటే ఉంది. కన్నడ, ఒడియా బాగా తెలిసినవాళ్ళు అక్కడ సాగనంపే మాటల్లో రెండింటిలో ఏది ఉందో రాయండి.