చలి ముదిరేలోగా కరివేపాకు కుండీని ఇంట్లోకి ఎప్పుడు, ఎలా చేర్చాలి?

ప్రశ్న (ఎడిసన్, న్యూజెర్సీ):
అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా కుండీలో పెంచుకుంటున్న మా కరివేపాకు చెట్టు ఈ వేసవిలో నా భుజం ఎత్తుకు ఎదిగింది. నిరుడు అక్టోబరు చివర్లో, ఆ రాత్రి మంచు పడుతుందని విని హడావిడిగా లోపలికి తెచ్చి, వెచ్చగా ఉంటుందని హీటర్ పక్కనే పెట్టాను. క్రిస్మస్ నాటికి ఒక్క ఆకు మిగలలేదు. మళ్లీ చిగురు చూడడానికి ఏప్రిల్ దాకా ఎదురుచూడవలసి వచ్చింది. ఈసారి ఏం చేయాలో అనుభవమున్నవారు చెప్పగలరు. పెరట్లో చిక్కుడు పాదు కూడా ఇప్పుడిప్పుడే పూతకు వచ్చింది. దాని సంగతీ చెప్పండి.

మొదటి సమాధానం:
మంచు వార్త వినేదాకా ఆగకూడదండీ. రాత్రి ఉష్ణోగ్రత 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగడం మొదలవగానే కుండీని లోపలికి చేర్చాలి. అంతకు ముందు వారం పది రోజులు నీడలో ఉంచండి. మండుటెండకు అలవాటుపడిన చెట్టుకు వెలుతురు ఒక్కసారిగా తగ్గితే ఆకు రాల్చేస్తుంది.

లోపలికి తెచ్చే ముందు కాండాన్నీ, ఆకుల అడుగునూ దగ్గరగా చూడండి. గోధుమరంగు బొడిపెల్లాంటివి కనిపించి, గోటితో గీకితే ఊడివస్తే అవి చెట్టు రసం పీల్చి జిగురు వదిలే పొలుసు పురుగులే. ఇంట్లో వాటిని తినే పురుగులు ఉండవు కాబట్టి చలికాలమంతా పెరుగుతూనే ఉంటాయి. చెట్టును నీళ్లతో బాగా కడిగి, కాస్త సబ్బు వేసిన నీళ్లలో కొద్దిగా వేపనూనె కలిపి, ఆకుల అడుగున కూడా తడిసేలా చల్లండి.

దక్షిణపు కిటికీ దగ్గర, హీటరు గాలి నేరుగా తగలని చోట పెట్టండి. మట్టిలో వేలు పెడితే రెండు అంగుళాల లోతున పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయండి. ఫిబ్రవరి దాటేదాకా ఎరువు వద్దు. ఆకు రాలినా కంగారుపడకండి. బెరడు గీకి చూస్తే కింద పచ్చగా ఉన్నంతకాలం చెట్టు బతికే ఉంటుంది. ఆ కంగారులో రోజూ నీళ్లు పోసి వేరు కుళ్లబెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

రెండో సమాధానం:
చిక్కుడు గురించి చెబుతాను. మన ఊళ్లలో సంక్రాంతికి విరగకాసే పాదు చిక్కుళ్లు చాలావరకు పగటి పొద్దు తగ్గాకే పూస్తాయి. ఇక్కడ ఆ పొద్దు తగ్గేసరికి మంచు వచ్చేస్తుంది. మంచు పడే రాత్రుల్లో పాత దుప్పట్లు కప్పి పొద్దున్నే తీసేస్తే కొన్ని రోజులు నిలుస్తుంది, అంతకు మించి ఆశపడలేం. వచ్చే ఏడాది పొద్దుతో నిమిత్తం లేకుండా కాసే పొద రకం విత్తనాలు వెతుక్కోండి. గోంగూరదీ ఇదే కథ కాబట్టి ఉన్న ఆకంతా ఇప్పుడే కోసి పచ్చడి పెట్టేయండి.

ఖాళీ అయిన మడిలో వెల్లుల్లి నాటడానికి అక్టోబరే అదను. రెబ్బ మొన పైకి ఉండేలా రెండు అంగుళాల లోతున, ఆరు అంగుళాల ఎడంతో నాటి, పైన ఎండుటాకులు తుంపి పరచండి. చలి తగిలితేనే గడ్డ రెబ్బలుగా విడుతుంది. జూన్ చివరికో జూలైకో తవ్వుకోవచ్చు. పెరటి కుళాయికి తగిలించిన పైపు ఊడదీసి, లోపలి వాల్వు కట్టేయడం కూడా మరవకండి. నీరు గడ్డకడితే గోడలోని గొట్టం పగులుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మొదటి సమాధానం చదవగానే వెళ్లి చూశాను. కాండం మీద, రెండు కొమ్మలు చీలే చోట, ఏడెనిమిది బొడిపెలు వరుసగా ఉన్నాయి. నిరుడు కిటికీ గట్టు మీద జిగురు ఎందుకు పేరుకుందో ఇప్పుడర్థమైంది. ఈ సాయంత్రమే కడిగి, వరండా నీడలోకి మారుస్తున్నాను.