2030 కామన్వెల్త్ క్రీడలకు మామిడి గుజ్జు: చిన్న యూనిట్‌కు దారేది?

చిత్తూరు దగ్గర మాది తోతాపురి గుజ్జు యూనిట్. 215 కిలోల అసెప్టిక్ (క్రిములు చేరకుండా నింపి మూసిన) డ్రమ్ములు, తీపి కొలత 14 బ్రిక్స్‌కు తగ్గదు. అహ్మదాబాద్ క్రీడల భోజనశాలకు సరఫరా చేయాలని ఉంది. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ) నమోదు ఉంది కాబట్టి ప్రభుత్వ టెండర్లలో ఈఎండీ (టెండరుతో పాటు కట్టే డిపాజిట్) మినహాయింపు వస్తుంది. కానీ భోజనమంతా ఒకే పెద్ద క్యాటరర్ చేతికి పోతే అది అక్కరకు రాదు, ఆయన కింద సబ్ సప్లయర్‌గానే వెళ్లాలి.

అలా వెళ్లిన అన్నలు చెప్పండి, ధర ఎలా రాసుకున్నారు? 2025లో ధర పడిపోయి తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేలా నిర్ణయించాల్సి వచ్చింది. కాయ ధర ఇంతగా ఊగేచోట ఏళ్ల ముందే రేటు కట్టేసుకుంటే మునిగేది యూనిట్టో, రైతో. సీజన్ కాయ ధరను బట్టి రేటు మారే షరతుకు ఒప్పుకుంటారా? ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టంలోని 45 రోజుల చెల్లింపు గడువును పర్చేజ్ ఆర్డర్‌లోనే ఎలా రాయించాలి?