కాల్‌ప్రొటెక్టిన్ తగ్గినా మోషన్స్ ఆగని ఐబీడీ రోగుల్లో పేగు కదలిక కొలిచేదెట్లా?

పాలమూరు_పీజీ: అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ (పేగుల్లో ఏళ్ల తరబడి వాపుండే జబ్బులు, రెండూ కలిపి ఐబీడీ అంటరు) రోగుల మీద మహబూబ్‌నగర్‌లో చిన్న స్టడీ అనుకుంటున్నం. కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపు ఎంతుందో చెప్పే మల పరీక్ష) గ్రాము మలానికి కొందరికి 50 మైక్రోగ్రాముల లోపే, కొందరికి 200 దాకా ఉంది. అయినా రోజుకు ఆరేడుసార్లు మోషన్‌కు తిరుగుతున్నరు. కదలిక కొలవడానికి ఎక్స్‌రే తప్ప వేరే మెషీన్ లేదు. ఎన్నిసార్లు పోయిన్రో డైరీలో రాయిస్తే సరిపోతదా సార్?

నల్లగొండ_గ్యాస్ట్రో: సరిపోదు. ఎడమవైపు, పురీషనాళం దగ్గర వాపున్న కొలైటిస్‌లో కుడివైపు పెద్దపేగు మందగిస్తది. మలం అక్కడే పేరుకుంటది, కింద మాత్రం జిగట, నెత్తురు మాటిమాటికీ పడతయి. డైరీల 'ఎనిమిది మోషన్స్' అని ఉంటది, అసలు సంగతి మలబద్ధకం! లోపెరమైడ్ (విరేచనాలు ఆపే మందు) ఇస్తే ఇంకా బిగుస్తది. వాపు తీవ్రంగా ఉన్నోళ్లకైతే పేగు ఉబ్బిపోయే ప్రమాదం కూడా.

కాబట్టి వెళ్లిన ప్రతిసారీ బ్రిస్టల్ నంబరు (మలం తీరు చెప్పే స్కేలు, గట్టి ఉండలకు 1 నుంచి నీళ్లలాంటిదానికి 7), మలం పడిందా, ఉత్త జిగటేనా, రాత్రి నిద్ర లేచి పోయిన్రా అని రాయించండి. 'సాఫ్ అయితలేదు' అన్నదానికి విడిగా ఒక గడి పెట్టండి. మన దగ్గర రోగులు ఎక్కువగా చెప్పేది అదే.

ఎక్స్‌రే ఉంటే మార్కర్ క్యాప్సూల్ (ఎక్స్‌రేలో కనపడే చిన్న రింగులున్న మింగే గుళిక) చాలు. 24 రింగులున్నది రోజుకొకటి, ఒకే టైముకు, మూడు రోజులు. నాలుగో రోజు అదే టైముకు పొట్ట ఎక్స్‌రే. ఎన్ని రింగులు కనపడితే దాదాపు అన్ని గంటలు పెద్దపేగుల గడిచినట్టు. చాలా మిగిలితే ఏడో రోజు ఇంకో ఫిల్మ్ తీసి రెండూ కలపాలి. వెన్నుపూసకు కుడి, ఎడమ, కటి భాగం అని మూడుగా లెక్కపెట్టండి. మొత్తం ఒక్కటే రాస్తే కుడివైపు పేరుకున్న సంగతి దాగిపోతది. ఆ వారం విరేచనం అయ్యేందుకు వాడే మందులు, లోపెరమైడ్ రెండూ బంద్. ఆడవాళ్లకు ముందే గర్భపరీక్ష.

మిర్యాలగూడ_డైటీషియన్: ఎక్స్‌రే వద్దన్నవాళ్లకు మక్కలు పెట్టండి. వారం ముందు నుంచి మాన్పించి, గుప్పెడు ఉడికించినవి తినిపించి, మలంలో పొట్టు మొదట కనపడిన గంట రాయించాలి. పేగు సన్నబడ్డ క్రోన్స్ రోగులకు మాత్రం అసలు వద్దు, ఆ పొట్టే అడ్డం పడుతుంది.

పాలమూరు_పీజీ: బీట్‌రూట్ అయితే మేడమ్?

మిర్యాలగూడ_డైటీషియన్: కొలైటిస్ రోగికి ఎర్రటిదా! నెత్తురేదో బీట్‌రూటేదో ఎవరు తేలుస్తారు? నీలం ఫుడ్ కలర్ మేలు.

నల్లగొండ_గ్యాస్ట్రో: రెండు మాటలు మరిచిన. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్ మింగేటోళ్లకు కాల్‌ప్రొటెక్టిన్ ఉత్తగనే పెరుగుతది, అడగండి. ఫైల్‌ల 'క్రోన్స్' అని ఉన్నా పేగు టీబీ కాదని తేల్చుకోండి; రెండింటికీ ఇష్టమైన చోటు చిన్నపేగు చివరే.

రేడియాలజీ_సూర్యాపేట: ఎవరినన్నా ఎమ్మారై ఎంటరోగ్రఫీకి (చిన్నపేగు చూసే ఎమ్మారై స్కాన్) హైదరాబాద్ పంపితే చీటీ మీదనే రాయండి: కదలిక చూసే సినీ సీక్వెన్స్ ముందు, బస్కోపాన్ తర్వాత. రొటీన్‌గా బొమ్మ అదరకుండా పేగును ఆపడానికి ఆ ఇంజెక్షన్ ఇస్తరు. అది పడ్డంక మీకు కొలిచేందుకు కదలికే మిగలదు.