బీఆర్‌సీఏ రిపోర్టులో 'వీయూఎస్' అని వచ్చింది: పాజిటివా, నెగటివా?

ప్రశ్న: అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అక్క జన్యు పరీక్ష చేయించుకుంది. రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన బీఆర్‌సీఏ2 జన్యువులో 'వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్' (వీయూఎస్, అంటే ప్రభావం ఇంకా తేలని మార్పు) ఉందన్నారు. జబ్బు రాకముందే ఆపరేషన్ చేయించుకుంటానంటోంది, ఇంట్లో అందరికీ టెన్షన్. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు: రెండూ కాదండీ. వాయిదా పడ్డ కేసు లాంటిది, నేరం రుజువు కాలేదు, కేసూ కొట్టేయలేదు.

మన జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్‌ఏలో, దాదాపు 300 కోట్ల అక్షరాలుంటాయి. ప్రమాణంగా పెట్టుకున్న రెఫరెన్స్ జీనోమ్‌తో పోల్చి చూస్తే ఎవరికైనా 40, 50 లక్షల చోట్ల తేడాలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు ఏ హానీ చేయవు. సీక్వెన్సింగ్ (ఆ అక్షరాల వరుసను చదివే పరీక్ష) చెప్పేది తేడా ఉందని మాత్రమే. దానివల్ల జబ్బు వస్తుందా అన్నది తేల్చడమే కష్టం. ఆ మార్పు జనంలో ఎంత అరుదో నోమ్యాడ్ అనే డేటాబేస్‌లో, మిగతా ల్యాబులు ఏమన్నాయో క్లిన్‌వార్ అనే డేటాబేస్‌లో చూస్తారు. ప్రొటీన్ దెబ్బతింటుందేమో సాఫ్ట్‌వేర్‌తో అంచనా వేస్తారు. ఇవన్నీ కలిపి అమెరికా వైద్య జన్యుశాస్త్ర సంస్థ ఏసీఎంజీ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, హానికరం నుంచి హానిలేనిది దాకా ఉన్న ఐదు తరగతుల్లో ఒకదాంట్లో పెడతారు. ఎటూ తేలనిదే వీయూఎస్. ఐరోపా మూలాలవాళ్ల డేటాయే ఎక్కువగా పోగుపడింది కాబట్టి, మిగతావాళ్ల రిపోర్టుల్లో ఈ మాట ఎక్కువగా కనిపిస్తుంది.

దీన్ని బట్టి ఆపరేషన్ నిర్ణయం తీసుకోకూడదు. బీఆర్‌సీఏ2లో నిజంగా హానికరమైన మార్పు ఉన్నవాళ్లలో కూడా 80 ఏళ్లు వచ్చేసరికి రొమ్ము క్యాన్సర్ వచ్చేది వందలో సుమారు 70 మందికే.

ప్రశ్న: అమ్మకు పరీక్ష చేయించలేదు. ఇప్పుడు చేయిస్తే ఉపయోగముందా? నేనూ చేయించుకోవాలా?

జవాబు: అసలు ముందు అమ్మగారికే చేయించాల్సింది. జబ్బు వచ్చినవాళ్ల ఫలితం లేకుండా మిగతావాళ్ల రిపోర్టు చదవడం కష్టం. ఆవిడలో హానికరమైన మార్పు వేరే దొరికి, అది అక్కకు రాలేదని తేలితే పెద్ద ఊరట. అక్కలో కనిపించిన మార్పు ఆవిడలో లేకపోతే ఆవిడ జబ్బుకు అది కారణం కాదు. ఉన్నా సరే, అదొక్కటే రుజువు కాదు.

ఈ వీయూఎస్ కోసమని మీరు పరీక్ష చేయించుకోనక్కర్లేదు. అమ్మగారి రిపోర్టు వచ్చాక చూద్దాం.

ఇంకొకరి జవాబు: ఒక మాట కలుపుతాను. అమ్మగారికి గడ్డ ముక్క మీద చేసిన పరీక్ష ఉంటే అది సరిపోదు, గడ్డలో పుట్టిన మార్పులు పిల్లలకు రావు. రక్తంతోనో లాలాజలంతోనో చేసేది అడగండి. అక్క రిపోర్టును ఏడాదికో రెండేళ్లకో మళ్లీ విశ్లేషించమని ల్యాబును అడగొచ్చు. తర్వాత తేలిన వీయూఎస్‌లలో ఎక్కువ భాగం హానిలేనివైపే వెళ్తున్నాయి. ఈలోగా స్కానింగులు ఎప్పుడు చేయించుకోవాలన్నది రిపోర్టును బట్టి కాదు, కుటుంబ చరిత్రను బట్టి జెనెటిక్ కౌన్సిలర్‌తో మాట్లాడి తేల్చుకోండి.