ఎండబెట్టిన టార్డిగ్రేడ్‌లు తిరిగి కదలడం లేదు: ముందు ఎక్కువ తేమలో ఎంతసేపు ఉంచాలి?

గుంటూరులో మా డాబా పిట్టగోడ మీది నాచు నుంచి తీసిన టార్డిగ్రేడ్‌లను (నీటి ఎలుగుబంట్లు అనే, ఎండితే ముడుచుకుని నిద్రాణంగా ఉండగల అతి చిన్న జీవులను) ఫిల్టర్ పేపర్ మీద ఉంచి, మూత బిగించిన డబ్బాలో సంతృప్త ఉప్పు ద్రావణం పక్కన, అంటే సుమారు 75 శాతం తేమలో, ఒక రోజంతా ఆరనిస్తున్నాను. నీళ్లు పోసిన గంటకు అవి ఉబ్బుతున్నాయి గానీ, కాళ్లు చాచి అలాగే ఉండిపోతున్నాయి. గాజు పలక మీద ఫ్యాన్ కింద పెడితే సరిగా ముడుచుకోవడమే లేదు. విచిత్రమేమిటంటే, గోడ మీదే ఎండిన నాచును తడిపితే అందులోనివి చక్కగా నడుస్తున్నాయి.

రామజోటియస్ వేరియోర్నాటస్ అనే టార్డిగ్రేడ్ జాతిలో, ఎండినప్పుడు కణాలను కాపాడే సి.ఏ.హెచ్.ఎస్. ప్రొటీన్ల జన్యువులు ఎప్పుడూ చురుకుగానే ఉంటాయనీ, హిప్సిబియస్ ఎగ్జెంప్లారిస్ అనే మరో జాతిలో ఎండడం మొదలయ్యాకే అవి జోరందుకుంటాయి కనుక దానికి వ్యవధి కావాలనీ చదివాను; నావి రెండో రకం వంటివని నా అనుమానం. సుమారు 97 శాతం తేమనిచ్చే పొటాషియం సల్ఫేట్ ద్రావణం పక్కన ముందుగా ఎన్ని గంటలు ఉంచి, ఆ తర్వాత 75 శాతానికి మార్చాలి?